పెంచలమ్మ మంచం కింద ఇటుకలు

పెంచలమ్మ ఉప్పుమళ్ళ మనిషి. పుట్టింది ఉప్పుమళ్ళ పక్కనే, చేసుకున్నోడూ ఉప్పుమళ్ళోడే, ఇంక వేరే పనేం తెలుసుద్ది చెప్పండి. మీరు చూసే ఉంటారు, సముద్రం పక్కన మళ్ళు కట్టి ఉప్పునీళ్ళు పెడతారు, ఎండకి నీళ్ళు ఇగిరిపోయి అడుగున ఉప్పు కడద్ది, దాన్ని చెక్కపలకతో గట్టు మీదకి లాగాల. కూచుని చేసే పని కాదది. పోనీ నడిచే పనా అంటే అదీ కాదు, నడిచినా కాస్త మేలే. ఒక్కచోట నిలబడాల, పలక లాగాల, రెండడుగులు పక్కకి జరగాల, మళ్ళీ నిలబడాల. ఎండ ఎక్కకముందు మొదలుపెడితే ఎండ దిగిందాకా అంతే. సరే, ఇంటికొచ్చాకైనా కూచుంటదా అంటే, ఇంట్లో అత్త ఉంది. అత్త అనంగానే గయ్యాళి అనుకుంటన్నారేమో, కాదు. అంకమ్మ మంచి మనిషి, కోడల్ని పల్లెత్తు మాటన్న మనిషి కాదు. కాకపోతే ఆ ఊళ్ళో అత్త ముందర కోడలు కూచోకూడదు. అంకమ్మ పెట్టిన కట్టుబాటు కాదది, అంకమ్మ అత్త పెట్టిందీ కాదు, ఎవరు పెట్టారో ఎవరికీ తెలవదు, అయినా ఉంది. ఇల్లు చూస్తే ఒకటే గది, గదిలో అత్త మంచం, మంచం మీద అత్త. ఇంక కోడలు కూచునేది యాడ? గోడకి ఆనుకుని నిలబడే అన్నం తినేదంట. నిలబడే కూతురికి జడేసేదంట. పొయ్యి కాడ గొంతుక్కూచునేది అనుకో, అదీ ఒక కూచోడమేనా.

ముగ్గుర్ని కంటే ఆమెకి దక్కింది ఒక్క కూతురు, నాగేంద్రమ్మ. ఆ మూడో కానుపు అయ్యేతలికి పెంచలమ్మ పిక్కల మీద నరాలు లేచినాయి. నీలంగా, మెలికలు తిరిగి, వానపాములు పాకినట్టు. నొప్పేం లేదు గదా అని ఎవరూ పట్టించుకోలా, ఆమె అసలే పట్టించుకోలా. తర్వాత్తర్వాత ఏమైందంటే, సాయంత్రానికి కాళ్ళు బరువెక్కేయి, చీలమండల కాడ వాపు, వేలుతో నొక్కితే గుంట పడి అట్టానే ఉండేది. ఆ పైన చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడింది, గట్టిపడింది, దురద పుట్టింది. దురద పుడితే గోకరా? గోకింది. గోకిన కాడ చిన్న పొక్కు లేచింది, పొక్కు చితికింది, చితికిన పొక్కు పుండైంది. ఆ పుండు మానలేదు. మానకపోగా పెద్దదైంది, మొదట శెనగ్గింజంత, తర్వాత రేగ్గాయంత, తర్వాత అరచేయంత. అందరూ ఒకటే మాట, ఉప్పు కాలు తినేసిందే పెంచలా అని. ఉప్పుమళ్ళలో నిలబడే మనిషికి కాలికి పుండైతే ఉప్పు కాక ఇంకేమంటారు. ఆమే అట్టానే అనుకుంది.

ఇంక చూడండి మందులు. ఊళ్ళో మందు చెప్పని మనిషంటూ లేడు. పసుపూ కొబ్బరినూనె పెట్టమని ఒకరు, వేపాకు నూరి కట్టమని ఒకరు, పొగాకు బూడిద అద్దమని ఒకరు. సైకిలు మీద వచ్చే డాక్టరు సూదులేసి గొట్టం మాత్రలిచ్చాడు, మింగమంటే ఈమె ఆ గొట్టాలు విప్పి లోపలి పొడి పుండు మీద చల్లుకుందంట, మింగితే కడుపులోకి పోద్ది, పుండుకెట్టా తగులుద్ది అని. నవ్వబాకండి, మీ ఇళ్ళల్లో చల్లలేదా? వంకాయ తినకూడదన్నారు, మానేసింది. ఎండుచేప కూడదన్నారు, మానేసింది. పులుపు కూడదన్నారు, అదీ మానేసింది. తిండి మొత్తం మానింది గానీ పుండు మానలా. అది కారతానే ఉండేది, కట్టిన గుడ్డ పొద్దుటికి తడిసిపోయేది, వాసన. పెంచలమ్మ నొప్పికంటే ఆ వాసనకే ఎక్కువ ఏడ్చిందంట. పేరంటానికి పిలిస్తే పోదు, పోయినా గుమ్మం బయటే ఉండేది, ఎవరైనా ముక్కు దగ్గరికి పమిట తెచ్చుకుంటే చాలు, పనుందని వచ్చేసేది. విసుగొచ్చేసింది మనిషికి. మొగుడు మాలకొండయ్య ఎట్టా ఉందే అని అడిగితే, ఉంది, అనేదంట.

ఇట్టా ఉండంగా కూతురు నీళ్ళోసుకుంది. నాగేంద్రమ్మని ఇచ్చింది పక్క పాలెంలోనే, బండి కడితే అన్నం పొద్దుకి పోవచ్చు. తొలి కానుపు పుట్టింటోళ్ళు చెయ్యాల, అది మీకు చెప్పేదేముంది. పెంచలమ్మకి ప్రాణం లేచొచ్చినట్టైంది. దక్కిన ఒక్క పిల్ల, దాని పురుడు తన చేత్తో పొయ్యాల, తన చేత్తో నీళ్ళు పొయ్యాల, బాలింతకి తన చేత్తో కారంపొడి కలిపి ముద్ద పెట్టాల, ఇదే ఆలోచన. చీరె చెంగులు చించి పొత్తిగుడ్డలు కూడా ఉతికి పెట్టిందంట. అంతలో వియ్యపురాలు సీతారావమ్మ చూసిపోదామని వచ్చింది. వచ్చింది, అరుగు మీద కూచుంది, మంచినీళ్ళు తాగింది, చెంబు కింద పెట్టి అటూ ఇటూ చూసింది. ఏంది వదినా ఈ వాసన అంది. పెంచలమ్మ కాలు వెనక్కి లాక్కుంది, లాక్కున్నా యాడికి పోద్ది. సీతారావమ్మ కట్టు విప్పమంది, విప్పింది, చూసింది. ఆ తర్వాత మెల్లగా చెప్పిందంట, వదినా, ఏమనుకోబాక, నాకు పుట్టబోయేది తొలి మనవడో మనవరాలో, ఈ పుండున్న ఇంట్లో పచ్చి బాలింతనీ బిడ్డనీ ఎట్టా పెట్టమంటావు, నువ్వే చెప్పు, పుండు మానితే తొమ్మిదో నెల్లో నేనే తీసుకొచ్చి దింపుతా, మానకపోతే పురుడు మా ఇంట్లోనే. కోపంగా అనలా. కోపంగా అంటే పెంచలమ్మా ఏదో ఒకటి అనేదే. మెల్లగా అనేతలికి, విప్పిన కట్టు మళ్ళీ చుట్టుకుంది.

మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని టవునుకి పోయింది, పెద్దాసుపత్రికి. అక్కడొక డాక్టరమ్మ, పెద్ద వయసే, ఎంతమందిని చూసిందో ఏమో, ఆవిడా అలిసిపోయే ఉంది. పెంచలమ్మ కట్టు విప్పబోతే, అది తర్వాత చూస్తా, ముందు నిలబడమ్మా, వెనక్కి తిరుగు, చీరె కాస్త పైకి పట్టుకో అందంట. పుండు చూపించడానికి వస్తే పిక్కలు చూస్తదేంది ఈవిడ అనుకుంది పెంచలమ్మ. పిక్కలు చూసింది, పాదం మీద వేళ్ళు పెట్టి నాడి కొడతందో లేదో చూసింది, కొడతంది, అప్పుడు పుండు చూసింది. ఇది ఉప్పు చేసిన పుండు కాదమ్మా, ఈ ఉబ్బిన నరాలు చేసిన పుండు అంది. కాళ్ళల్లోకి దిగిన నెత్తురు మళ్ళీ గుండెకి ఎక్కాల, ఎక్కే దారిలో చిన్న చిన్న తలుపులుంటాయి, నీకు ఆ తలుపులు పాడైనాయి, ఎక్కిన నెత్తురు మళ్ళీ కిందకే జారి చీలమండ కాడ నిలవుండిపోతంది అని చెప్పింది. పెంచలమ్మ కాసేపు ఆలోచించి, మా కాలవ తూముకి పలక సరిగ్గా పడకపోతే నీళ్ళు వెనక్కొచ్చి గట్టు నానిపోద్ది, అట్టానా అమ్మా అనింది. అట్టానే, గట్టు నాని ఊడింది, ఊడిన చోట నువ్వు పసుపు పోస్తే ఏం లాభం, నీళ్ళు తగ్గాల అందంట డాక్టరమ్మ.

అని, శుభ్రంగా కడిగి, మెత్తటి గుడ్డ వేసి, సాగే పట్టీ తీసుకుని వేళ్ళ మొదట్నుంచి మోకాలి కిందదాకా చుట్టింది. కింద బిగువుగా, పైకొచ్చేకొద్దీ కాస్త వదులుగా. వేళ్ళు నీలం తిరిగినా చల్లబడినా విప్పెయ్యి, లేకపోతే ఉంచు, పొడులూ ఆకులూ ఏం పెట్టబాక, ఒకచోట నిలబడే పని వద్దు, నడువు, నడిస్తే మంచిది, నడవనప్పుడు పడుకో. పడుకుంటే కాళ్ళు గుండెకంటే ఎత్తుగా ఉండాల. మంచానికి కాళ్ళు పెట్టే వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకో, పగలు కూడా అట్టానే పడుకో. పుండు మానినాక నరాలకి ఆపరేషను సంగతి చూద్దాం. ఇంతే ఆవిడ చెప్పింది. మాలకొండయ్య అన్నిటికీ తలూపాడు. సందేహం ఏమైనా ఉందా అని డాక్టరమ్మ అడిగితే ఏం లేదమ్మా అన్నాడు.

ఇంటికొచ్చారు. పెంచలమ్మ మడికి పోవడం మానేసింది, ఆమె వంతు పలక కూడా మాలకొండయ్యే లాగుతా ఉన్నాడు. కట్టు చక్కగా కట్టుకుంటంది. పొడులు మానేసింది. అన్నీ చేసింది, ఇటుకల కాడికి వచ్చేతలికి ఇబ్బందొచ్చింది. ఏం ఇబ్బందంటే, ఇన్నాళ్ళూ పెంచలమ్మ పడుకునేది కింద చాప మీద. తల దక్షిణానికి పెట్టి పడుకుంటే కాళ్ళు ఉత్తరానికి, అంటే అత్త మంచం కిందకి పోయేయి, ఎవరికీ కనపడేయి కాదు. ఇప్పుడు మంచం కావాల. మాలకొండయ్య తోడల్లుడి ఇంట్లోంచి నులక మంచం తెచ్చి వేశాడు, ఇటుకలు తెచ్చాడు, కాళ్ళ వైపు పెట్టబోయాడు. పెట్టబోయి తల్లి వైపు చూశాడు. ఇటుకలు పెడితే పెళ్ళాం కాళ్ళు సరిగ్గా తల్లి మొహం ఎత్తుకి వస్తాయి. పెంచలమ్మ చూసింది, ఏమయ్యా, నీకేమన్నా మతిపోయిందా, అత్త మొహానికి కాళ్ళెత్తి పడుకుంటానా నేను, తీసెయ్ అనింది. మరి డాక్టరమ్మ చెప్పింది గదే అన్నాడు. చెప్పుద్ది, ఆవిడకేం తెలుసు మన ఇంటి సంగతి అనింది. మాలకొండయ్య ఆలోచించి ఆలోచించి ఏం చేశాడంటే, ఇటుకలు పెట్టమంది గదా, పెడదాం, మంచం ఎత్తుగా ఉండమంది గదా, ఉంటది, తలే పైన ఉండేది లోకంలో, అని చెప్పి తల వైపు పెట్టాడు. పెట్టి, చూడు, ఎంత బాగా కుదిరిందో అన్నాడంట! ఏం చెప్పమంటారు ఆ మొగోడి తెలివి. తల పైకి, కాళ్ళు కిందకి. నీళ్ళు తగ్గాల్సిన మడికే కాలవ తిప్పినట్టు. పెంచలమ్మకి తెలవదా అంటే తెలుసు. తెలిసీ పడుకుంది. అలిసిపోయిన మనిషి ఏదో ఒకటి సర్దుకుంటే చాలనుకుంటది. అదీ రాత్రి పూటే. పగలు అత్త మేలుకునుంటే కోడలు మంచమెక్కుద్దా, మళ్ళీ గోడకి ఆనుకుని నిలబడ్డమే.

నెల పోయింది, ఇంకో నెల పోయింది. కారడం కొంచెం తగ్గింది, వాసన తగ్గింది, పుండు మాత్రం అరచేయంత, అట్టానే ఉంది. కూతురికి ఆరో నెలొచ్చింది. పెంచలమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కేసుకోవడం మొదలుపెట్టింది. మళ్ళీ టవునుకి పోతా ఉంటే అంకమ్మ, నేనూ వస్తానే, నా కళ్ళకి కూడా చూపించుకోవాల అని బయల్దేరింది. డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది, వాపు చూసింది, ఇదేంది ఇంత కట్టు కట్టినా వాపు దిగలేదేంది అనుకుంది. నిలబడే పని మానేశావా? మానేశానమ్మా. ఇటుకలు పెట్టావా? పెట్టామమ్మా. డాక్టరమ్మకి ఏం తోచిందో, ఏ వైపు పెట్టావు అనింది. పెంచలమ్మ నేల చూపులు చూసింది. మాలకొండయ్య కిటికీ చూశాడు. అంకమ్మే చెప్పింది, తల వైపమ్మా, మా ఇంట్లో అట్టానే కుదురుద్ది అని. ఆవిడకి చెప్తున్నది తప్పని కూడా తెలవదు. డాక్టరమ్మ తిట్టలా. కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పెద్దమ్మా, మీ కోడలి కాళ్ళు తలకంటే ఎత్తున ఉంటేనే ఈ పుండు మానేది, పగలు పడుకోవాల, రాత్రి పడుకోవాల, లేకపోతే నేను ఎన్ని పట్టీలు చుట్టినా ఇంతే అంది. పుండు ఇంకా లోతుకి పోతే కాలికే మోసం అని కూడా అంది. ఆ మాటకి అంకమ్మ లేచి నేరుగా బండి కాడికి పోయిందంట. కళ్ళు చూపించుకోవడం కూడా మర్చిపోయింది.

ఇంటికొచ్చాక ఇంక చూడాల రచ్చ. కాళ్ళు ఎటు పెట్టాల? ఇరుగూ పొరుగూ చేరారు. మంచం ఇటు తిప్పితే కాళ్ళు తూర్పుకి, అక్కడ గూట్లో దేవుడి పటాలు, దేవుడికి కాళ్ళు చూపిస్తదా? అటు తిప్పితే పడమరకి, అక్కడ గుమ్మం, గుమ్మం వైపు కాళ్ళు పెట్టి పడుకునేది ఇంక లేవనోళ్ళు. దక్షిణానికి కాళ్ళు పెడితే తల ఉత్తరానికి వస్తది, అది అసలే కూడదు. ఉత్తరానికి పెడితే అత్త. అరుగు మీద వేసుకోవచ్చు గదా అని ఒకామె, అరుగు వీధి మీదకి గదా, దారిన పోయే మగాళ్ళందరికీ కాళ్ళెత్తి చూపిస్తదా అని ఇంకొకామె. పటాలు మార్చమని ఒకరు, గుమ్మం మార్చమని ఇంకొకరు. గుమ్మం మార్చమన్నోడు ఇంకా బతికే ఉన్నాడు, పేరు చెప్పనులే. అందరూ కూచుని మాట్లాడతన్నారు, పెంచలమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఇంటంది. ఆ కాళ్ళ గురించే మాట్లాడతన్నారు, ఆ కాళ్ళ మీద నిలబెట్టి మాట్లాడతన్నారు! ఒక్కళ్ళకన్నా తట్టిందా, నువ్వు కూచోవే అమ్మా అని? తట్టలా. చివరికి పెంచలమ్మే, ఒద్దులెండి, ఎవరి పని వాళ్ళు చూసుకోండి, కాలు పోతే పోద్ది, నాకు ఓపిక లేదు అనింది. ఏడుస్తా కూడా అనలా, ఉత్తినే అనింది. అట్టా ఉత్తినే అంటేనే ఎక్కువ భయం.

అందరూ పోయినాక అంకమ్మ మంచం దిగింది. దిగి, వంగి, ఆ ఇటుకలు తల వైపు నుంచి లాగి, ఒక్కోటి కాళ్ళ వైపుకి మోసుకొచ్చి పెడతా ఉంటే మాలకొండయ్య అడ్డం పొయ్యాడు, అమ్మా నువ్వుండు అని. నువ్వుండరా, నువ్వు పెడితే మళ్ళీ నెత్తికి పెడతావు అంది. ఇటుకలు పెట్టింది, మంచం ఊగుతందేమో చూసింది. పడుకోవే అంది కోడలితో. పెంచలమ్మ కదల్లా. వద్దత్తా, నీ మొహానికి నా కాళ్ళు, చచ్చినా పడుకోను, నాకు పాపం చుట్టుకుంటది అనింది. అప్పుడు అంకమ్మ ఏమందంటే, ఇనండి, ఇది నేను కల్పించి చెప్పేది కాదు, ఆవిడ అన్నమాటే. అమ్మే పెంచలా, నాగేంద్రం పుట్టినప్పుడు నీ కాళ్ళు యాడ పెట్టావో గుర్తుందా? పిల్ల అడ్డం తిరిగిందని మంత్రసాని కేకలేస్తా ఉంటే, ఒక కాలు ఆవిడ పట్టుకుంది, రెండో కాలు ఈ భుజం మీద పెట్టుకున్నాను నేను. నొప్పొచ్చినప్పుడల్లా తన్నావు. ఇదిగో ఈ ఎముక, చలికాలం వస్తే ఇప్పటికీ సలుపుద్ది. ఆ రోజు నాకు మర్యాద తక్కువైందా? నీకు పాపం చుట్టుకుందా? తన్నితే తన్నావు, నా మనవరాలు దక్కింది. అప్పుడు లేని మర్యాద ఇప్పుడెక్కడ్నించి వచ్చిందే మన ఇద్దరి మధ్యన? పడుకో. ఇంకో మాట మాట్లాడావంటే నేనే ఆ చాప మీద పడుకుంటా, ఈ మంచమూ నీకే.

పెంచలమ్మ పడుకుంది. పడుకుని పమిట మొహం మీద కప్పేసుకుంది, సిగ్గుకి. కాళ్ళు పైకి, తల కిందకి, ఎవరో ఇంటి కప్పు తీసేసినట్టుంది. అంకమ్మ పీట లాక్కుని కాళ్ళ వైపు కూచుంది. ఆ పట్టీ ఎట్టా చుట్టాలో చెప్పవే, నా చేతులు ఊరికే ఉన్నాయి అంది. పెంచలమ్మ చెప్పలా. ఏంది పలకదు అని పమిట తొలగించి చూస్తే నిద్రపోయింది. పట్టపగలు, అత్త ముందర, నోరు తెరుచుకుని. ఎన్నేళ్ళ నిద్రో అది. అంకమ్మ లేపలా. పొయ్యి మీద ఎసరు తనే పెట్టుకుంది, కొడుక్కి అన్నం తనే పెట్టింది, గుమ్మంలోకి ఎవరొచ్చినా నోటి మీద వేలు పెట్టి పంపించేసింది. సాయంత్రం పెంచలమ్మ లేచి కాలు చూసుకుంటే చీలమండ ఎముక కనపడిందంట. ఎన్నాళ్ళైందో ఆ ఎముక కనపడి. వాపులో మునిగిపోయి ఉంది గదా పాపం.

ఆ తర్వాత మానడం మొదలుపెట్టింది. మంత్రం వేసినట్టు మానలా, అట్టా చెప్తే మీరు నమ్మొద్దు. మెల్లగా, అంచుల నుంచి, పల్చటి కొత్త తోలు లోపలికి పాకతా వచ్చింది. ఒక వారం పెరిగినట్టుంటది, ఒక వారం ఆగిపోద్ది. పొద్దున నడక, గట్టు చివరిదాకా పోయి రావడం, వచ్చి కాళ్ళెత్తి పడుకోవడం, కట్టు విప్పడం, కడగడం, మళ్ళీ చుట్టడం. పని చేస్తే అలుపు ఒకరకం, పని చెయ్యకుండా పడుకుంటే అలుపు ఇంకోరకం. పైగా ఊళ్ళో మాటలు. అత్త వండి పెడతంది, కోడలు కాళ్ళెత్తుకుని తింటంది అని. పెంచలమ్మ విని ఏడిస్తే, అంకమ్మ, వాళ్ళ నోళ్ళకి కట్టు కట్టే పట్టీ ఏ ఆసుపత్రిలోనూ ఇవ్వర్లే, నువ్వు పడుకో అనేదంట. ముసలామె వంగి పట్టీ చుట్టి చుట్టి నడుం పట్టేసి, తనూ పడిపోయేది మంచం మీద. ఇద్దరూ చెరో మంచం మీద కప్పు చూస్తా మాట్లాడుకునేవాళ్ళంట. అన్నేళ్ళు ఒకే గదిలో ఉన్నారు గానీ, అట్టా మాట్లాడుకుంది అప్పుడే. తొమ్మిదో నెల వచ్చేతలికి పుండు మూసుకుంది. లేత ఎరుపు మచ్చ, ఉల్లిపొరంత పల్చటి తోలు, కానీ మూసుకుంది. డాక్టరమ్మ చూసి, మానింది గదా అని ఆపేస్తే మళ్ళీ వస్తది, కట్టూ ఇటుకలూ ఉండాల్సిందే అని చెప్పి పంపించింది.

వియ్యపురాలికి కబురు పెట్టారు. సీతారావమ్మ మిట్టమధ్యాన్నం వచ్చింది. వచ్చేతలికి ఇంట్లో ఏముందంటే, పెంచలమ్మ మంచం మీద కాళ్ళెత్తి పడుకుని ఉంది, ఒక కాలు అంకమ్మ ఒళ్ళో ఉంది, అంకమ్మ పీట మీద కూచుని పట్టీ చుడతా ఉంది. సీతారావమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పెంచలమ్మ గబగబా లేచి కూచుని, చూడొదినా, మానింది, వాసన కూడా లేదు, దగ్గరికొచ్చి చూడు అని కాలు చూపించింది. సీతారావమ్మ వంగి చూసింది. నిజంగానే చూసింది, వేలుతో తడిమి కూడా చూసింది. మానింది వదినా, సంతోషం, అబద్ధమెందుకు చెప్తాను, అంది. అని, పిల్లని మాత్రం పంపనులే అంది. అదేంది వదినా, మానితే పంపుతానన్నావు గదా అని పెంచలమ్మ. అన్నాను, పుండు గురించి అన్నాను, ఇది చూసి అనలా. కోడలు కాళ్ళెత్తి పడుకుంటే అత్త ఒళ్ళో పెట్టుకుని కట్లు కడతంది మీ ఇంట్లో. నా కోడలు మూడు నెలలు ఇది చూసొచ్చిందంటే, రేపు నా మొహానికి కాళ్ళెత్తి పడుకుని, అత్తా, కాస్త నొక్కు అంటది. నాకొద్దు. పురుడు మా ఇంట్లోనే. అంతే, లేచింది, పోయింది.

పెంచలమ్మ కూలబడిపోయింది. అన్ని నెలలు. తిండి మాని, పని మాని, సిగ్గు మాని, ఊరి చేత మాటలు పడి, ముసలామె నడుం విరగ్గొట్టి, మానదనుకున్న పుండు మాన్పుకుంటే, మాన్పుకున్న తీరు బాగాలేదంట. నాకెందుకీ కాలు, పుండు ఉన్నప్పుడే నయం, పుండువల్ల పంపలేదనుకునేదాన్ని అని ఏడ్చింది. అంకమ్మ మాత్రం, పురుడు యాడైతే ఏందే, పుట్టేది మన పిల్ల కడుపునే గదా, మనం రాకూడదని చెప్పలేదు గదా ఆవిడ, బండి కట్టరా అబ్బయ్యా అంది. బండి కట్టారు. పొత్తిగుడ్డలు మూట కట్టారు, కారంపొడి కట్టారు. పెంచలమ్మ బండెక్కబోయి ఆగింది. ఆగి, లోపలికి పోయి, మంచం కింద నుంచి ఆ ఇటుకలు తనే లాగి గోతాంలో వేసుకుని తెచ్చింది. ఎవరూ చెప్పలా ఆమెకి. అంకమ్మ కూడా చెప్పలా.

ఆ పాలెంలో దిగినాక ఏం చేసిందో ఇనండి. వియ్యంకుడి ఇంటికొచ్చిన పిల్లతల్లి ఎట్టా ఉండాల? మూల నిలబడి, పమిట భుజం నిండా కప్పుకుని, అడిగిన దానికి జవాబు చెప్పుకుంటా ఉండాల. ఈమె పురిటి గదిలో కూతురి పక్కన ఇంకో మంచం వేయించుకుంది. కాళ్ళ వైపు ఇటుకలు పెట్టుకుంది, వంగి తనే పెట్టుకుంది. కూతురికి అన్నం కలిపి ముద్ద పెట్టింది, అటూ ఇటూ నడిచింది, అలుపొచ్చేతలికి పోయి కాళ్ళెత్తి పడుకుంది. సీతారావమ్మ లోపలికొచ్చి చూసి, ఏం వదినా, నా ఇంట్లో, నా ముందర, సిగ్గు లేదా అనింది. పెంచలమ్మ పడుకునే చెప్పిందంట, సిగ్గుంది వదినా, కాలు కూడా ఉంది, రెండిట్లో ఒకటే దక్కుద్దంటే కాలే దక్కించుకుంటన్నా అని. నాగేంద్రమ్మ నిండు కడుపుతో, ఉబ్బిపోయిన పాదాలతో అక్కడే నిలబడి ఉంది, అత్త ముందర గదా. అమ్మ వైపు చూసింది, అత్త వైపు చూసింది. పెంచలమ్మ మంచం మీద కాస్త పక్కకి జరిగి, రామ్మా, నీ పాదాలు చూసుకున్నావా, ఇటు రా, పడుకో అనింది. పిల్ల ఒక్కసారి కళ్ళు మూసుకుని, పోయి అమ్మ పక్కన పడుకుంది. ఒకే మంచం, నాలుగు పాదాలు పైకి.

సీతారావమ్మ ఏం చేసిందంటే, ఏం చెయ్యలా. వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. మనసు మారింది, పాదాలు నొక్కింది, ఇద్దరూ అక్కాచెల్లెళ్ళైపోయారు అని చెప్తే మీకు బాగుంటది గానీ, అట్టా ఏం జరగలా. బిడ్డ పుట్టిందాకా మూతి ముడుచుకునే ఉంది, బిడ్డ పుట్టినాక బిడ్డని ఎత్తుకుని ఇంకా ఎక్కువ ముడుచుకుంది. కానీ పిల్లని మంచం దిగమని కూడా అనలా. ఎందుకనలేదో ఆవిడకే తెలవాల. ఆడపిల్ల పుట్టింది. పెంచలమ్మ తన చేత్తోనే నీళ్ళు పోసింది, పీట మీద కూచుని పోసింది. ఆపరేషనంటారా, అయింది, ఆ మరుసటేడు, ఆ డాక్టరమ్మ దగ్గరే. అయినా పట్టీ మానలా, ఇటుకలు తియ్యలా, బతికినన్నాళ్ళూ ఆమె మంచం అట్టానే పల్లంగా ఉండేది. మేం పిలకాయలప్పుడు ఎక్కి జారేవాళ్ళం.

ఇంతే కథ. ఇందులో రాజూ లేడు, రాక్షసుడూ లేడు, ఒక కాలు ఉంది. ఏమ్మే, ఆ గుమ్మం కాడ నిలబడింది ఎవరు, చెంచయ్య కొత్త కోడలేనా? మొదట్నుంచీ నిలబడే ఇన్నావా తల్లీ? మీ అత్త ఇదిగో నా పక్కనే ఉంది, చక్కగా కాళ్ళు చాపుకుని కూచుని, మజ్జ మజ్జన కళ్ళు తుడుచుకుంటా, అయ్యో పెంచలమ్మ, అయ్యో పెంచలమ్మ అంటంది. ఏం వదినా, ఆ పిల్లని కూచోమంటావా, నన్నే చెప్పమంటావా? అదిగో, మీ అత్త పక్కకి జరిగింది. రా తల్లీ, కూచో. ఇంక లేవండి అందరూ, నా గొంతు పోయింది. పోయి పడుకోండి, కాళ్ళు ఎటు పెట్టుకుంటారో మీ ఇష్టం.